ప్రొజెక్టరా, స్మార్ట్ ప్యానెలా? పర్లాకిమిడి వైపు కాలేజీ క్లాసులకి ఏది నప్పుతాది

ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపు డిగ్రీ కాలేజీల్లో కొత్త గదికి డబ్బులు రాగానే ఇదే తర్జనభర్జన: గోడమీద బొమ్మ వేసే ప్రొజెక్టర్ కొనాలా, పెద్ద టీవీలా ఉండి ముట్టుకుని రాయగలిగే స్మార్ట్ ప్యానెల్ కొనాలా అని.

ఖర్చు: ప్రొజెక్టర్ కొనేటప్పుడు చవకే, కానీ మామూలు లాంప్ 3000-5000 గంటలకి మార్చాలి. ప్యానెల్‌కి ముందే గట్టిగా పడతాది, తర్వాత లాంప్ గొడవ లేదు.

వెలుతురు: అసలు తేడా ఇక్కడే. ప్రొజెక్టర్ వేస్తే కిటికీలు మూయాలి, ఏప్రిల్‌లో పిల్లలు చెమటతో తడిసిపోతారు, నేను కెమిస్ట్రీ చెప్తుంటే బెంజీన్ రింగులో డబుల్ బాండ్లు కనపడక వెనక బెంచీవాళ్లు పక్కోళ్ల నోట్సు చూసి గీసుకునేవాళ్లు. ప్యానెల్ పట్టపగలు కూడా కనిపిస్తాది, పైగా తెరమీదే ఇంగ్లీషు పదం పక్కన తెలుగులో, ఒడియాలో రాయొచ్చు, మన పిల్లలకి అది చాలా అవసరం.

కరెంటు: ప్రొజెక్టర్ లాంప్ వేడిమీదుండగా కరెంటు పోతే లాంప్‌కి దెబ్బ, యూపీఎస్ పెట్టాల్సిందే.

నలభై మంది క్లాసుకి 75 అంగుళాల ప్యానెల్ తీసుకోండి. నూటిరవై మంది హాలుకైనా, గదిగదికీ తిప్పాలన్నా ప్రొజెక్టరే.