ఓక్లహోమాలో ట్రావెల్ ఎకో టెక్ కాంట్రాక్ట్: ఊరికి నాలుగున్నర స్టార్లు, ఏజెన్సీకి మూడే

ఇల్లు డాలస్‌లో, పని ఓక్లహోమాలో. తుల్సా నుంచి గంట లోపు దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో, ఒక స్టాఫింగ్ ఏజెన్సీ ద్వారా 13 వారాల ఎకో కాంట్రాక్ట్ చేశాను. ఇలా ఇంటికి దూరంగా వెళ్లి కొన్ని వారాలు చేసే ఉద్యోగాన్నే ట్రావెల్ అంటారు. ఏజెన్సీ పేరు, ఆసుపత్రి పేరు రాయను, దయచేసి అడగొద్దు. వాట్సాప్ గ్రూపుల్లో "ట్రావెల్ ఎకోకి వారానికి ఇంతట" అని స్క్రీన్‌షాట్లు తెగ తిరుగుతున్నాయి కదా, ఆ అంకె వెనకాల ఏముంటుందో చెప్పడానికే ఈ రివ్యూ.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఎకో అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్. మన దగ్గర చాలాచోట్ల కార్డియాలజిస్టే ప్రోబ్ పట్టుకుంటారు. అమెరికాలో స్కాన్ మొత్తం మేమే, అంటే సోనోగ్రాఫర్లమే చేస్తాం, డాక్టర్ తర్వాత ఆ బొమ్మలు చూసి రిపోర్ట్ రాస్తారు. మా పెదనాన్న ఫోన్ చేసినప్పుడల్లా "ఇంతకీ నువ్వు డాక్టరువా, నర్సువా" అని అడుగుతారు, రెండూ కాదంటే ఆయనకి అస్సలు నచ్చదు.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ అడిగేది అదే. రిక్రూటర్ ఫోన్‌లో "వారానికి 2,300" అన్నాడు. అది ఒకే జీతం కాదు, రెండు ముక్కలు. నాకు ట్యాక్స్ పడే గంట రేటు 27 డాలర్లు, అంటే 40 గంటలకి 1,080. మిగిలిన 1,220 ఇంటికీ తిండికీ ఇచ్చే స్టైపెండ్, దానిమీద ట్యాక్స్ లేదు. ఈ స్టైపెండ్ ఎంతవరకు ఇవ్వొచ్చన్నదానికి ఏజెన్సీలు జీఎస్ఏ రేట్లు, అంటే ప్రభుత్వోద్యోగుల ప్రయాణ ఖర్చులకి ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన రేట్లు చూస్తాయి. 2025 ఆర్థిక సంవత్సరానికి స్టాండర్డ్ రేటు రోజుకి బసకి 110, తిండికి 68, మొత్తం 178, వారానికి 1,246 డాలర్లు. పెద్ద సిటీలకి ఇంకా ఎక్కువ రేట్లుంటాయి. అందుకే కాలిఫోర్నియా కాంట్రాక్ట్ స్క్రీన్‌షాట్ చూస్తే మన అంకె వెలవెలబోతుంది. కానీ అక్కడ ఆ స్టైపెండ్‌లో పెద్ద ముక్క అద్దెకే పోతుంది. నేను ఇక్కడ ఫర్నిచర్‌తో, కరెంటు, నీళ్లు, వైఫై అన్నీ కలిపి నెలకి 950 కట్టాను. వారం స్టైపెండ్‌తో నెల అద్దె తీరిపోయి ఇంకా మిగిలింది! చవక ఊళ్లో అసలు లాభం ఇదే, గంట రేటులో కాదు.

అయితే స్టైపెండ్‌కి ట్యాక్స్ పడకూడదంటే మీకు ఇంకోచోట నిజంగా ఇల్లుండాలి, దాని ఖర్చు మీరే భరిస్తూ ఉండాలి. ఫ్రెండ్ అడ్రస్ రాసేసి "అదే నా ట్యాక్స్ హోమ్" అనేవాళ్లని చాలామందిని చూశాను, ఆడిట్ వస్తే అది నిలబడదు. ఒకేచోట ఏడాదికి మించి ఉండబోతున్నారని తెలిసినా ఐఆర్ఎస్ (ఫెడరల్ ట్యాక్స్ శాఖ) దాన్ని తాత్కాలికం అనుకోదు, ఆ రోజు నుంచి స్టైపెండ్ కూడా జీతం లెక్కలోకి వస్తుంది. ఇంకోటి, టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు, ఓక్లహోమాలో సంపాదించినదానికి 511-ఎన్ఆర్ ఫారంతో నాన్‌రెసిడెంట్ రిటర్న్ వేయాలి. మా రిక్రూటర్ ఈ విషయం ఎత్తనే లేదు.

ఇక ఏజెన్సీకి స్టార్లు ఎక్కడ పోయాయో చెప్తాను. మొదటిది ఓటీ, అంటే ఓవర్‌టైమ్. 2,300ని 40తో భాగిస్తే గంటకి 57.50 వస్తుంది, మనం మనసులో అదే మన రేటు అనుకుంటాం. ఓవర్‌టైమ్ మాత్రం 27 మీద ఒకటిన్నర రెట్లు, అంటే 40.50. మామూలు గంటకన్నా ఓటీ గంటే చవక! వారం చివర "ఇంకో రెండు కేసులు చేసి వెళ్తావా" అని నవ్వుతూ అడిగితే నాకు నవ్వు రాకపోవడానికి కారణం ఇదే. 2021లో నైన్త్ సర్క్యూట్ కోర్టు (పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీళ్ల కోర్టు), చేసిన గంటలని బట్టి పెరిగే తగ్గే పర్ డియమ్ (ఈ స్టైపెండ్ లాంటిదే) అయితే దాన్ని కూడా ఓటీ లెక్కలో కలపాలని చెప్పింది గానీ ఓక్లహోమా ఆ సర్క్యూట్ కిందకి రాదు.

రెండోది గ్యారంటీ గంటలు. ఫోన్‌లో 40 అన్నారు, కాంట్రాక్ట్‌లో 36 అని ఉంది. నేను అడిగితే "క్లయింట్ (అంటే ఆసుపత్రి) అంతకన్నా ఒప్పుకోడు, అయినా అక్కడ కేసులు బోలెడు, ఆ క్లాజు అవసరమే పడదు" అన్నాడు రిక్రూటర్. పడింది. పండగ వారాల్లో అవుట్‌పేషెంట్లు తగ్గగానే పర్మనెంట్ స్టాఫ్‌ని ఉంచి ట్రావెలర్‌ని ముందు ఇంటికి పంపేస్తారు, ఆ నాలుగు గంటలకి జీతంతో పాటు స్టైపెండ్‌లోనూ కోత పడుతుంది. ఇంటి అద్దె మాత్రం గంటలు చూసి తగ్గదు కదా. మూడోది కాల్‌బ్యాక్. ఆన్‌కాల్‌లో ఉన్నందుకు గంటకి ఇచ్చే నాలుగు డాలర్లు రాశారు గానీ, అర్ధరాత్రి పిలిస్తే వెళ్లి పనిచేసిన గంటలకి రేటెంతో ఎక్కడా రాయలేదు. ఫోన్‌లో "ఒకటిన్నర రెట్లు ఉంటుంది, టెన్షన్ పడకు" అన్న మాట పేరోల్ వాళ్లకి తెలియదట. ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు పెట్టాక సరిచేశారు, అదీ రెండు జీతాల తర్వాత.

మన కాగితాలు, పరీక్షలు సరిచూసే ఏజెన్సీ కంప్లయన్స్ డిపార్ట్‌మెంట్ గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. అప్‌లోడ్ చేసిన బీఎల్ఎస్ (సీపీఆర్ ట్రైనింగ్) కార్డునే మళ్లీ మళ్లీ అడిగారు. మనవాళ్లకి పనికొచ్చే సంగతి ఒకటుంది: చిన్నప్పుడు బీసీజీ టీకా వేయించుకున్నాం కాబట్టి టీబీ స్కిన్ టెస్ట్ పాజిటివ్‌గా రావచ్చు, అప్పుడు ఎక్స్‌రే అనీ క్లియరెన్స్ అనీ జాయినింగ్ వాయిదా పడుతుంది. మొదటే క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష అడగండి, దానికి బీసీజీతో సంబంధం లేదు.

ఈ ఫీల్డ్‌లో ఒక పెద్ద సుఖముంది, నర్సుల్లాగా ప్రతి రాష్ట్రానికీ లైసెన్స్ గొడవ లేదు. సోనోగ్రాఫర్లకి లైసెన్స్ కావాలనే రాష్ట్రాలు న్యూ మెక్సికో, ఒరెగాన్, నార్త్ డకోటా లాంటివి కొన్నే. మిగతాచోట్ల ఏఆర్‌డీఎంఎస్ వాళ్ల ఆర్‌డీసీఎస్ గానీ, సీసీఐ వాళ్ల ఆర్‌సీఎస్ గానీ, ఈ ఎకో సర్టిఫికేట్లలో ఒకటి ఉంటే ఆసుపత్రులు తీసుకుంటాయి. కోర్సు అయిపోయిన వెంటనే మాత్రం ఇటు రావొద్దు. ట్రావెలర్‌కి ట్రైనింగ్ ఇవ్వరు. నాకు ఒక పూట సిస్టమ్ లాగిన్లు, బిల్డింగ్ చూపించడం, మధ్యాహ్నం నుంచి పేషెంట్లు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఇది కుదిరే పని కాదు, పనిచేసే ప్రాంతం మారితే పిటిషన్ కూడా సవరించాల్సి వస్తుంది. గ్రీన్ కార్డో, సిటిజన్‌షిప్పో, ఈఏడీనో (వర్క్ పర్మిట్) ఉన్నవాళ్లకే ఈ రివ్యూ.

పని ఎలా ఉంటుందంటే, కష్టం. గుండెజబ్బు మరణాల రేటులో ఓక్లహోమా ఏటా దేశంలో పైవరసలోనే ఉంటుంది, అది మన టేబుల్ మీద కనిపిస్తుంది. భారీకాయం, సిగరెట్లతో పాడైన ఊపిరితిత్తులు, షుగరు, ఒక్కోసారి అన్నీ ఒకే మనిషిలో. అలాంటివాళ్లకి పక్కటెముకల మధ్య నుంచి గుండె కనపడటమే గగనం, కాంట్రాస్ట్ ఇంజెక్షన్ లేకుండా ఎడమ జఠరిక గోడలు తేలవు. ఇక్కడ కాంట్రాస్ట్ ఇవ్వడానికి నర్సు ఖాళీ అయ్యేదాకా ఆగాలి, ఈలోగా తర్వాతి పేషెంట్ బయట కూర్చుని ఉంటాడు. ఎకో ల్యాబులకి గుర్తింపునిచ్చే ఐఏసీ అనే సంస్థ ప్రమాణాల్లో ఒక పూర్తి ఎకోకి 45 నుంచి 60 నిమిషాలు కేటాయించాలని ఉంది. ఇక్కడి షెడ్యూల్ వేసిన మనిషికి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. కుడి భుజానికి రాత్రిళ్లు వేడి కాపడం తప్పలేదు.

కానీ చిన్న ల్యాబులో మన పనికి విలువ కనపడుతుంది, ఒక కేసు చెప్తాను. ఎనభై దాటిన పెద్దాయన, పశువుల రాంచ్ ఆయనది, అరచేయంత బెల్ట్ బకిల్ తీయడానికి ససేమిరా అన్నాడు. ఆయాసం అని పంపారు. బృహద్ధమని కవాటం గట్టిగా కాల్షియం పట్టి ఉంది, అయినా ఎపికల్ నుంచి, అంటే గుండె కొన వైపు నుంచి, డాప్లర్ పెడితే రక్తం వేగం సెకనుకి 3.4 మీటర్లే వస్తోంది. అంటే కవాటం ఇరుకు మోడరేట్. పాత రిపోర్టులూ అదే చెప్తున్నాయి. కవాటం చూస్తే మాత్రం ఆ అంకె నమ్మబుద్ధి కావట్లేదు. పెడాఫ్ ప్రోబ్, అంటే బొమ్మ చూపించకుండా వేగం మాత్రమే కొలిచే పెన్సిల్ లాంటిది, ఎక్కడుందని అడిగితే కింది డ్రాయర్‌లో కేబుళ్ల అడుగున దొరికింది, తలమీద ఎప్పటిదో జెల్ ఎండిపోయి ఉంది. తుడిచి, పెద్దాయన్ని కుడివైపుకి తిప్పి పడుకోబెట్టి, రొమ్ము ఎముక పక్క నుంచి వెతుక్కుంటూ వెళ్తే ఆ గరగర శబ్దం సన్నగా, ఈల వేసినట్టు మారింది. 4.3. నాలుగు దాటితే సివియర్. ఆయన "ఏంటమ్మా ఆ ఈల, బాగుందా లేదా" అన్నాడు. డాక్టర్ చెప్తారు అన్నాను, మేము అంతకన్నా అనకూడదు. సాయంత్రం కార్డియాలజిస్ట్ ల్యాబుకి వచ్చి ఆ ట్రేసింగ్ ఎలా తీశావో చూపించమని అడిగారు, పెడాఫ్ మర్నాటి నుంచి మెషిన్ పక్కనే హుక్కుకి వేలాడింది.

ఊరికి నాలుగున్నర ఊరికే ఇవ్వలేదు. ఇల్లు ఫర్నిష్డ్ ఫైండర్ అనే అద్దె ఇళ్ల వెబ్‌సైట్‌లో వెతుక్కున్నాను, ఏజెన్సీ ఇస్తానన్న హోటల్ వద్దనుకున్నాను. ఏజెన్సీ బస తీసుకుంటే స్టైపెండ్ కోస్తారు, పైగా హోటల్ గదిలో ఒక్క పొయ్యి మీద వండుకోవాలి. ఇంటావిడ బంగారం. మొదటి రోజు ఇంగువ తాలింపుకి స్మోక్ అలారం మోగితే పరిగెత్తుకొచ్చింది, విషయం తెలిశాక చీపురుకర్రతో అలారం ఆపడం నేర్పి, మర్నాడు ఆ పప్పు ఎలా చేస్తారని అడిగింది. కందిపప్పు, పచ్చళ్లు, బియ్యం డాలస్ నుంచే కారులో తెచ్చుకున్నాను, మిగతావి తుల్సా వెళ్తే ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. 2024 ఆగస్టు చివర్లో ఓక్లహోమా కిరాణా సరుకుల మీద స్టేట్ సేల్స్ ట్యాక్స్ 4.5 శాతం ఎత్తేసింది, ఊరి పన్ను మాత్రం ఉంది. పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్‌కి బ్రామ్స్ అనే ఇక్కడి షాపులున్నాయి. ఐస్‌క్రీమ్ గురించి జాగ్రత్త, రోజూ దారిలోనే ఉంటుంది.

డాలస్ నుంచి రావడానికి యూఎస్ 75 ఎక్కి, డ్యూరంట్ మీదుగా యూఎస్ 69 పట్టుకుంటే మెకాలెస్టర్, యుఫాలా సరస్సు దాటుకుంటూ నాలుగు గంటల లోపే. టర్న్‌పైక్‌ల మీద టోల్ బూత్‌లో డబ్బు కట్టే పద్ధతి లేదు, నంబర్ ప్లేట్ ఫోటో తీసి బిల్లు ఇంటికి పంపుతారు, కారుకి టోల్ ట్యాగ్ ఉంటే తక్కువ పడుతుంది. రోడ్డు మీద చెరోకీ, క్రీక్ నేషన్ల (అమెరికా ఆదివాసీ తెగల ప్రభుత్వాల) నంబర్ ప్లేట్లు చూసి మొదట్లో అయోమయంగా ఉంటుంది. 2020లో సుప్రీంకోర్టు మెక్‌గర్ట్ కేసులో క్రీక్ రిజర్వేషన్, అంటే ఆ తెగకి కేటాయించిన భూభాగం, ఎప్పుడూ రద్దు కాలేదని తేల్చాక ఆ సంగతి ఊళ్లో ఇప్పటికీ మాటల్లో వస్తూనే ఉంటుంది. తుల్సాలో బుధవారం మధ్యాహ్నం సైరన్ మోగితే భయపడొద్దు, అది టోర్నడో సైరన్ పరీక్ష. వేరే టైములో మోగితే మాత్రం బాత్రూంలోకి పరిగెత్తండి. ఒంటరిగా ఉన్నవాళ్లకి సాయంత్రాలు కాస్త బరువే, తొమ్మిదింటికి ఊరు నిద్రపోతుంది. ఆ అర స్టారు అందుకే తగ్గింది.

కాంట్రాక్ట్ అయిపోవస్తుండగా ల్యాబ్ మేనేజర్ ఇంకో టర్మ్ ఉండమని అడిగింది. ఈసారి రిక్రూటర్‌కి ఫోన్ చేయలేదు, ఈమెయిల్ రాశాను: 40 గంటల గ్యారంటీ, కాల్‌బ్యాక్ రేటు అంకెతో సహా, నన్ను ఇంటికి పంపితే స్టైపెండ్‌లో కోత ఉండదన్న వాక్యం. మూడూ కాంట్రాక్ట్‌లో ఉంటేనే సంతకం అన్నాను. రెండు రోజుల్లో మూడూ వచ్చాయి, ఇదివరకు ఒప్పుకోని ఆ క్లయింటే ఒప్పుకున్నాడు. మూడో స్టార్ ఆ ఎక్స్‌టెన్షన్ కాగితానికి ఇచ్చాను, మొదటి కాంట్రాక్ట్‌కి అయితే రెండే.