పూర్వపక్షం చెప్పాకే మైక్ ఇచ్చే యాప్: 14 నెలలు వాడాక నా రివ్యూ

ఎమ్మే హిస్టరీ చదివాను. ఉద్యోగం మాత్రం బీమా క్లెయిముల విభాగంలో, 19 ఏళ్లుగా. పగలంతా ఫైళ్లు చూసి ఇంటికొచ్చాక, రోమ్ ఎందుకు కూలిందో, ఒక బొమ్మ గొప్పదని ఎవరు తేల్చాలో ఎవరితోనైనా మాట్లాడాలని ప్రాణం కొట్టుకునేది. మాట్లాడే మనిషే దొరికేవారు కాదు. ఆ ఆకలితోనే 14 నెలల కిందట ఈ చర్చల యాప్ వేసుకున్నాను. టైపు చేసే పని లేదు, అంతా గొంతుతోనే. రూమ్‌లోకి వెళ్తాం, చెయ్యెత్తుతాం, హోస్ట్ మైక్ ఇస్తే మాట్లాడతాం. వారానికి మూడు రాత్రులు, ఒక్కోసారి నాలుగు, ఇందులోనే గడుస్తున్నాయి. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఇవ్వలేదో కింద రాశాను, యాప్ వాళ్లు చదువుతారనే ఆశతో.

ముందు దీనికి ప్రాణం లాంటి సంగతి చెప్తాను. ఈ పద్ధతి పెట్టిన రూమ్‌లలో, ఎదుటివాళ్ల వాదనకు జవాబు చెప్పాలంటే, మొదట ఆ వాదనను మన మాటల్లో తిరిగి చెప్పాలి. వాళ్ల ఫోన్‌లో ‘అవును, నేనన్నది ఇదే’ అనే బటన్ వస్తుంది. వాళ్లు దాన్ని నొక్కితేనే మనకిచ్చే మూడు నిమిషాలు మొదలవుతాయి. నొక్కకపోతే మళ్లీ చెప్పాలి. మూడుసార్లు చెప్పినా ఒప్పుకోకపోతే మైక్ ఇంకొకరికి వెళ్లిపోతుంది. కొత్తలో దీంతో చాలా విసిగిపోయాను. నాలుక చివర జవాబు పెట్టుకుని కూర్చుంటే, అటునుంచి ‘కాదండీ, నేనలా అనలేదు’ అని వినిపించేది. రెండోసారి, మూడోసారి చెప్పేసరికి నాకే అర్థమయ్యేది, నేను సిద్ధం చేసుకున్న జవాబు ఆయన అనని మాటకని.

ముందు పూర్వపక్షం, అంటే ఎదుటివాళ్ల వాదన; ఆ తర్వాతే సిద్ధాంతం, అంటే మన నిర్ణయం. మన శాస్త్రగ్రంథాలు నడిచే తీరే ఇది. గౌతమ మహర్షి తర్కం మీద రాసిన న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. రోజూ మన నోళ్లలో నలిగే ‘వితండవాదం’ అనే మాట మూలం అదే. ఓటమి కింద లెక్కకొచ్చే నిగ్రహస్థానాలు 22 చెప్పారు అందులో. అసలు సంగతి వదిలి వేరేదానిలోకి జారుకుంటే ఒకటి, చెప్పిందే చెప్తే ఒకటి, నాకు పనుందని సాకు చెప్పి మధ్యలో లేచిపోతే ఇంకొకటి. ఈ చివరిదాని పేరు విక్షేపం. ఈ 14 నెలల్లో ఈ మూడూ ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. బటన్ ఉన్న రూమ్‌లలో మాత్రం చాలా తక్కువ.

తత్త్వశాస్త్రం రూమ్‌లకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. ఒక రాత్రి టాపిక్ గ్రీకు పురాణ వీరుడు థీసియస్ ఓడ. ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన సంగతి అది. ఏథెన్స్ వాళ్లు ఆ ఓడను భద్రపరుస్తూ, పుచ్చిన పలక తీసి కొత్తది వేస్తూ పోయారు. అది అదే ఓడా, కాదా అని తత్త్వవేత్తలు రెండుగా చీలారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్ తత్త్వవేత్త థామస్ హాబ్స్ దానికి ఇంకో ముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ దాచి, అదే వరుసలో మళ్లీ కూర్చితే, ఆ రెండింటిలో ఏది థీసియస్ ఓడ?

అరగంట పలకల మీదే నడిచింది. అప్పుడు గడియారాలు బాగుచేసే ఒకాయన మైక్ తీసుకున్నారు. తండ్రి చేతి గడియారాన్ని 31 ఏళ్లుగా ఆయనే బాగుచేసుకుంటూ వస్తున్నారట. అద్దం, ముళ్లు, స్ప్రింగు, చక్రాలు, చివరికి కేసు కూడా మారిపోయాయి. తీసిన ప్రతి ముక్కనూ ఒక రేకు డబ్బాలో వేసి ఉంచారు. ఆ డబ్బాను ఫోన్ దగ్గర పెట్టి మెల్లగా ఊపారు. సన్నటి గలగల వినిపించింది. ‘మా నాన్న ముట్టుకున్నవి ఇవి. టైమ్ చూపించేది నా చేతికున్నది. నాన్న గడియారం అని నేను దేన్ని అంటున్నానో నాకే తెలియట్లేదండీ’ అన్నారు. తర్వాత మాట్లాడాల్సిన అమ్మాయి ఆయన మాటను తిరిగి చెప్పబోయింది. ‘పదార్థం మారితే వస్తువు మారినట్టే అంటున్నారు.’ ఆయన బటన్ నొక్కలేదు. ‘పదార్థం ఏదైనా, ఆకారం నిలిస్తే వస్తువు నిలిచినట్టే అంటున్నారు.’ నొక్కలేదు. మూడోసారి ఆ అమ్మాయి చాలాసేపు ఆగింది. ‘వాడుకకు ఒక వస్తువు, జ్ఞాపకానికి ఒక వస్తువు ఉన్నాయి, రెండింటికీ మీ దగ్గర ఉన్న పేరు ఒక్కటే. అంతేనా అండీ?’ అంది. బటన్ వెలిగింది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

కళ రూమ్‌లకు అంత నిలకడ లేదు. ‘ఇలాంటిది మా పిల్లాడూ గీస్తాడు’ అనే మాట దగ్గరే సగం రూమ్‌లు ఆగిపోతాయి. ఫ్రెంచ్ కళాకారుడు డుషాంప్ ‘ఫౌంటెన్’ మీద జరిగింది మాత్రం మంచి చర్చ. 1917లో న్యూయార్క్‌లో, ఫీజు కట్టిన ఎవరి పనైనా ప్రదర్శిస్తామన్న సంఘానికి, ‘ఆర్. మట్’ అనే మారుపేరు సంతకంతో, ఫ్యాక్టరీలో తయారైన మూత్రశాల తొట్టె ఒకటి వచ్చింది. దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. ఆ సంఘం బోర్డులోనే ఉన్న డుషాంప్ రాజీనామా చేశాడు. అసలు తొట్టె తర్వాత ఎటో పోయింది. మిగిలింది ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ తీసిన ఫొటో, 1964లో డుషాంప్ అనుమతితో చేయించిన నకళ్లు. చెయ్యి పెట్టి చేయనిది కళ ఎలా అవుతుందని గంట సేపు వాదించుకున్నాక, అప్పటిదాకా నోరు విప్పని ఒకామె అడిగారు: ‘తొట్టెను మనమెవరమూ చూడలేదు కదా. ఇంతసేపూ ఫొటో గురించి వాదించామా, తొట్టె గురించా?’ ఫొటోలో వెలుతురు పడిన తీరు, వెనకున్న పెయింటింగు, అన్నీ అప్పుడు మాటల్లోకి వచ్చాయి. ఫొటో తీసినవాడి చెయ్యి గురించి అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

ఐదో స్టార్ పోయింది చరిత్ర దగ్గర. క్లెయిమ్ ఫైల్లో కాగితం లేనిదే ఏదీ పాస్ చేయను నేను. చరిత్రలోనూ అంతే, నోటిమాట చాలదు. ఈ యాప్‌లో బొమ్మ గానీ పేజీ గానీ అందరికీ చూపించే వీలు ఒక్క హోస్ట్‌కే ఉంది. ఒక రూమ్‌లో స్వయంగా హోస్టే, ఈజిప్టులోని పెద్ద రాతి విగ్రహం స్ఫింక్స్ ముక్కు నెపోలియన్ ఫిరంగులకు పోయిందని గట్టిగా చెప్పారు. నెపోలియన్ ఈజిప్టుకు వెళ్లింది 1798లో. డెన్మార్క్ నావికాదళ అధికారి నార్డెన్ 1737లో ఈజిప్టు వెళ్లి గీసిన బొమ్మలు 1755లో అచ్చయ్యాయి. వాటిలో స్ఫింక్స్‌కు ముక్కు లేదు. నెపోలియన్ పుట్టిందే 1769లో. ఇంకా వెనక్కి వెళ్తే, 15వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మక్రీజీ 1378లో ఒక సూఫీ ఆ ముఖాన్ని పాడుచేశాడని రాశాడు. బొమ్మ నా ఫోన్‌లో తెరిచి ఉంది. చూపించమని మూడుసార్లు హోస్ట్‌కు పంపాను. ఆయన తెరవలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న మనిషి చేతిలోనే తెర కూడా ఉంటే ఇక ఏం చేస్తాం? ఒక్క బొమ్మతో తేలిపోయే మాట మీద 40 మంది 50 నిమిషాలు గడిపారు. యాప్ వాళ్లకు నా విన్నపం: చరిత్ర రూమ్‌లలోనైనా, మైక్ ఎవరి దగ్గరుంటే తెర కూడా వాళ్లకే ఇవ్వండి.

నేనూ కాగితం లేకుండా మాట్లాడిన రోజుంది. ‘నీ మాట నాకు సమ్మతం కాకపోయినా, నీకు చెప్పే హక్కు కోసం ప్రాణమిస్తాను’ అనేది ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ మాట అన్నాను, ఎన్నో ఏళ్లుగా అంటున్నట్టే. ఇంటర్ చదివే కుర్రాడు చెయ్యెత్తాడు. ముందు నా వాదన మొత్తం తిరిగి చెప్పాడు, నేను చెప్పినదానికన్నా పద్ధతిగా. నేను బటన్ నొక్కాకే, ‘మేడం, ఆ వాక్యం వోల్టేర్‌ది కాదండీ. ఎవిలిన్ బియాట్రిస్ హాల్ అనే రచయిత్రి 1906లో ఆయన ధోరణిని చెప్తూ రాసిన వాక్యం’ అన్నాడు. మర్నాడు వెతికి చూశాను, నిజమే. నా మాట విన్నారనే నమ్మకం ఉంది కాబట్టి ఆ దిద్దుబాటు నాకు గుచ్చుకోలేదు. అంతకుముందు ఎవరైనా నన్ను దిద్దితే వారం రోజులు మనసులో పెట్టుకునేదాన్ని.

ఓట్ల సంగతి కూడా చెప్పాలి. కొన్ని రూమ్‌లలో చివర్లో శ్రోతలు ఓటేసి విజేతను ఎంచుతారు. ఇది తీసేస్తే యాప్‌కే మేలు. నోరున్నవాడిదే రాజ్యం అయిపోతోంది. ఓట్లున్న రూమ్‌లో ఒకాయన, అసహనాన్ని సహించకూడదన్న తత్త్వవేత్త కార్ల్ పాపర్ మాట విసిరి గెలిచారు. పాపర్ 1945లో ఆ మాట రాసింది ఒక అధస్సూచికలో (ఫుట్‌నోట్‌లో). తర్కంతో ఎదుర్కోగలిగినంత కాలం అలాంటి భావాలను అణచడం ఏమాత్రం వివేకం కాదని అక్కడే రాశాడు. ఆ సగం చెప్పబోయేసరికి నా టైమ్ అయిపోయింది, ఓట్లు పడిపోయాయి.

రికార్డింగులు ఏడు రోజులకే పోతాయి, ఇది ఇంకో లోటు. దించుకునే వీలు హోస్ట్‌కే ఉంది. ఆ గడియారం రాత్రి హోస్టింగ్ చేసినవారు ఈ రివ్యూ చూస్తే, మీ దగ్గర ఆ రికార్డింగ్ మిగిలి ఉంటే దయచేసి నాకు పంపండి. ఆ డబ్బా చప్పుడు మళ్లీ వినాలని ఉంది.