మ్యాన్‌పవర్ ఏజెన్సీకి మూడు స్టార్లు, అవీ హెల్పర్ల పుణ్యాన

ఏజెన్సీ పేరు రాయను. వాళ్లతో ఇంకా రెండు నెలల కాంట్రాక్టు ఉంది, పైగా నేను చెప్పబోయేదంతా వాళ్లొక్కళ్ల తప్పు కూడా కాదు. విశాఖలో గాజువాక చుట్టుపక్కల మనుషుల్ని సప్లై చేసేవాళ్లలో ఒకళ్లు అనుకోండి. ఎవరి దగ్గరికెళ్లినా కథ ఇంచుమించు ఇదేనని పక్క షెడ్ల వాళ్లు అంటున్నారు.

మాది ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు. ట్యాంకులు, డక్టులు, స్ట్రక్చర్లు, అప్పుడప్పుడు పైపు పని. సొంత మనుషులు తొమ్మిది మంది. పెద్ద ఆర్డరు తగిలితే ఇరవై మంది కావాలి, ఆర్డరు లేని నెల ఆ తొమ్మిది మందికే పని చూపించలేక చస్తాం. అందుకని పది నెలల కిందట ఈ ఏజెన్సీతో కాగితం రాసుకున్నాను.

ముందు మంచి చెప్తాను. హెల్పర్ల విషయంలో వేలెత్తి చూపడానికి లేదు. ఎనిమిదింటికి రమ్మంటే ఎనిమిదింటికి గేటు దగ్గరుంటారు, ఒకడు రాకపోతే పది గంటల్లోపు ఇంకొకడు దిగుతాడు. అంతకన్నా ముఖ్యమైంది, ప్రతి నెలా బిల్లుతో పాటే పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు జతచేసి పంపుతారు. ఇది చిన్న విషయం అనుకోకండి. కాంట్రాక్టరు కట్టకపోతే చివరికి మెడకు చుట్టుకునేది పని చేయించుకున్న మనకే. నాలుగేళ్ల కిందట ఇంకో మేస్త్రీని నమ్మి ఆ అనుభవం కూడా అయింది, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

రేటు సంగతి. కూలి మీద పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, వాళ్ల సర్వీస్ చార్జీ, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ తర్వాత ఇన్‌పుట్ క్రెడిట్ కింద మేం కట్టాల్సిన జీఎస్టీలో సర్దుబాటవుతుంది, అది ఒప్పుకుంటాను. కానీ వీళ్లకి నెల నెలా ఏడో తారీఖుకల్లా డబ్బు పడాలి, మాకు పని ఇచ్చినవాళ్లేమో తొంభై రోజులకి గానీ చెక్కు తియ్యరు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం ప్రకారం 45 రోజుల్లో ఇవ్వాలి. ఆ సంగతి ఆటోనగర్‌లో టీ కొట్టు కుర్రాడికి కూడా తెలుసు. తెలిసి ఏం లాభం, వచ్చే నెల ఆర్డరు ఇవ్వాల్సినవాడి మీదే ఫిర్యాదు పెట్టే మగాడెవడు?

ఇక వెల్డర్లు. స్టార్లు తెగింది ఇక్కడే.

6జీ వెల్డర్లు ముగ్గురు కావాలని అడిగాను. తెలియనివాళ్లకి చెప్తున్నా, పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేసి, అది తిప్పకుండా మనిషే చుట్టూ తిరిగి వెల్డింగ్ చెయ్యాలి, అది 6జీ. ముగ్గురొచ్చారు, ముగ్గురి చేతుల్లోనూ లామినేషన్ చేసిన సర్టిఫికెట్లు తళతళలాడుతున్నాయి. మా దగ్గర పాతికేళ్లుగా ఉన్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు, సర్టిఫికెట్లు చూడను కూడా చూడలేదు, తలా ఒక పైపు ముక్క ఇచ్చి కూర్చోబెట్టాడు. ఒకడికి రూట్‌లోనే, అంటే అడుగున వేసే మొదటి వరసలోనే రంధ్రాలు. రెండోవాడు పైన బాగానే లాగాడు, కింది వైపుకొచ్చేసరికి చెయ్యి వణికింది. మూడోవాడు మాత్రం బంగారం. "ఈడొక్కడే బాబూ, మిగతావోళ్లు గ్రిల్లు పనికి పనికొస్తారు" అన్నాడు పెద్దాయన.

ఆ బంగారం తొమ్మిది రోజులుంది. పదో రోజు రాలేదు. ఏజెన్సీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే "వాళ్లమ్మకి బాగోలేదంట సార్, ఊరెళ్లాడు" అన్నాడు. పాపం అనుకున్నాను. సాయంత్రం వాట్సాప్‌లో ఆ కుర్రాడి స్టేటస్ చూస్తే కొత్త హెల్మెట్ పెట్టుకుని ఒక పెద్ద ప్లాంటు గేటు ముందు నవ్వుతూ ఫొటో!

షట్‌డౌన్ పనులు మొదలయ్యాయి, అదీ విషయం. పెద్ద ప్లాంట్లలో రిపేరుకి ఒక యూనిట్ ఆపితే ప్రతి రోజూ నష్టమే కాబట్టి రాత్రీ పగలూ పని, డబుల్ కూలి. ఆ నెలరోజులూ చిన్న షెడ్లలో మంచి వెల్డరు కనపడితే ఒట్టు. వాడు వెళ్లినందుకు నాకు కోపం లేదు, వాడి స్థానంలో నేనున్నా వెళ్తాను. అక్కడికి పంపింది ఇదే ఏజెన్సీ అని తర్వాత తెలిసింది, అందుకు కడుపు మండింది. "సార్, అక్కడ ఇంత ఇస్తామంటున్నారు, మీరెంతవరకు రాగలరు" అని ఒక్క మాట అడిగి ఉంటే పూర్తిగా కాకపోయినా కొంతైనా పెంచేవాణ్ని. అమ్మకి జబ్బు అంటగట్టడం ఎందుకు?

ఇప్పుడు ఎక్కడ మీటింగ్ పెట్టినా "విశాఖలో స్కిల్డ్ మనుషులు దొరకట్లేదండీ" అనడం ఒక ఫ్యాషన్ అయింది. నేను ఒప్పుకోను. 1933లో పోర్టు తెరిచిన ఊరు, 1948లో జల ఉష అనే ఓడని కట్టి నీళ్లలోకి దింపిన ఊరు, 1957 నుంచి రిఫైనరీ, ఆపైన బీహెచ్‌పీవీ (భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసల్స్), ఆపైన ఉక్కు ఫ్యాక్టరీ. సింధియా, మల్కాపురం వైపు తాత, తండ్రి, కొడుకు వరసగా ఫిట్టర్లయిన ఇళ్లున్నాయి. మనుషులు ఉన్నారు, మన దాకా రారు, అంతే తేడా. ముందు గల్ఫ్ ఏరుకుంటుంది, తర్వాత జామ్‌నగర్, చెన్నై, ఆ తర్వాత ఇక్కడి పెద్ద ప్లాంట్లు, చివరి పంక్తిలో మిగిలింది మాకు వడ్డిస్తారు. ఆ ఖాళీలోకే ఒడిశా, బీహార్, జార్ఖండ్ కుర్రాళ్లు వస్తున్నారు. 2019లో పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అని మన దగ్గర చట్టం కూడా చేశారు. నాకైతే ఆధార్‌లో అడ్రసు కన్నా చేతిలో వెల్డింగ్ టార్చ్ ఎలా నిలబడుతుందన్నదే ముఖ్యం. హెల్పర్లు మాత్రం అందరూ మనవాళ్లే, అనకాపల్లి, చోడవరం, శ్రీకాకుళం వైపు పిల్లలు.

ఏజెన్సీ బ్రోషర్‌లో "365 రోజులూ బ్యాకప్ గ్యారంటీ" అని ఉంది. సంక్రాంతి వారం ఒక్కడూ రాలేదు. దీనికి స్టారు తగ్గించలేదు లెండి. సంక్రాంతికీ, ఊళ్లో అమ్మవారి పండక్కీ, అప్పన్న గిరి ప్రదక్షిణకీ పనికి రమ్మనేవాడిదే బుద్ధి తక్కువ. ఆ రోజులు వదిలేసి డెలివరీ తేదీ ఇవ్వడం మేం ఎప్పుడో నేర్చుకున్నాం. గ్యారంటీ అని రాయడం మానేస్తే చాలు.

మరి ఊళ్లో వ్యాపారం ఎలా ఉంది అని అడిగితే, సాయంత్రం టీ దగ్గర ఇద్దరిని అడగండి, మూడు జవాబులొస్తాయి. గూగుల్ వచ్చే అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో చెప్పినప్పుడు పక్క షెడ్డాయన స్వీట్లు పంచాడు, డేటా సెంటర్ కట్టాలంటే స్ట్రక్చర్లు, కేబుల్ ట్రేలు, డక్టులు కావాలిగా అని ఆయన లెక్క. నిజమే, అందులో నలుసంత సబ్ కాంట్రాక్టుగా మా దాకా వచ్చినా చాలు. ఎదురు షెడ్డాయన మాత్రం "టీసీఎస్‌కి 21 ఎకరాలు 99 పైసలకి ఇచ్చారు, నాకు 99 పైసలొద్దు, నా షెడ్డు లీజు పెంచకుండా ఉంటే చాలు" అంటాడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. ఆ కొత్త సైట్లు మొదలైతే ఆర్డర్లు వస్తాయి, అదే రోజు ఉన్న ఇద్దరు వెల్డర్లూ అటే పోతారు. ఇక ఉక్కు ఫ్యాక్టరీ. 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చింది మొదలు 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించేదాకా మా వీధిలో ఎవరూ కొత్త మెషిన్ కొనడానికి ధైర్యం చెయ్యలేదు. అక్కడ ఫర్నేస్ చల్లబడితే ఇక్కడ గ్రైండర్లు కూడా చల్లబడతాయి, మాకు తెలిసిన బిజినెస్ క్లైమేట్ అదే.

ఈ ఏజెన్సీ దగ్గరికి వెళ్లాలనుకునేవాళ్లకి నా సలహా. హెల్పర్లు, లోడింగ్ మనుషుల కోసం కళ్లు మూసుకుని వెళ్లండి. వెల్డర్లు, ఫిట్టర్ల కోసమైతే టెస్ట్ పీస్ పాసయ్యాకే రోజు కూలి మొదలవుతుందని కాగితం మీద రాయించుకోండి, మధ్యలో వాళ్లే మనిషిని వేరే చోటికి మారిస్తే పదిహేను రోజుల నోటీసు అని కూడా. నేను రాయించుకోలేదు, నాదీ బుద్ధి తక్కువే.

వాళ్ల కాంట్రాక్టులో పద్నాలుగో క్లాజు కూడా ఒకసారి చదవండి. వాళ్లు పంపిన మనిషిని మనం సొంతంగా పెట్టుకుంటే ఒక నెల బిల్లు అదనంగా కట్టాలట. వాళ్లు పంపిన హెల్పర్లలో చోడవరం కుర్రాడు ఒకడు మధ్యాహ్నం అన్నం తిన్నాక తుక్కు ముక్కల మీద సొంతంగా ప్రాక్టీసు చేస్తున్నాడు, పెద్దాయన కూడా వాణ్ని తిట్టడం మానేశాడు, అంటే పని వస్తున్నట్టే. వాడి కోసం ఆ నెల డబ్బు కట్టేశాను. రసీదు మాత్రం ఇమ్మని అడిగాను, వారమైంది, ఇంకా పంపలేదు.