మెదక్ చర్చిలో ఒక ఆదివారం, పక్కనే ఒక లాడ్జి

ముందే చెప్పేస్తున్నా. హైదరాబాద్ నుంచి మెదక్ చర్చికి వెళ్లేవాళ్లు రాత్రి అక్కడ ఉండే ప్లాన్ పెట్టుకోకండి. వంద కిలోమీటర్లే, పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. మేం ఉన్నాం, బాధపడ్డాం. కానీ వెళ్లకుండా మాత్రం ఉండకండి, ముఖ్యంగా నాలాగా తోడు పోగొట్టుకున్నవాళ్లు.

మా ఆయన ప్రభువునందు నిద్రించి పది నెలలైంది. ఆదరణ కూడిక రోజు నుంచీ అందరిదీ ఒకటే మాట, "ఏడవకమ్మా, ఆయన ప్రభువు దగ్గరున్నాడు, నిరీక్షణ లేనివాళ్లలాగా మనం ఏడవకూడదు" అని. ఆయన్ని మళ్లీ చూస్తానని నేనూ నమ్ముతాను, ఆ నమ్మకం లేకపోతే ఈ పది నెలలు గడిచేవే కావు. కానీ వినీ వినీ, ఏడిస్తే విశ్వాసం లేనట్టేమో అనిపించి, బాత్రూంలో కుళాయి విప్పి ఏడవడం అలవాటైంది. ఆ మాట అందరికంటే గట్టిగా చెప్పింది మా వదిన, ఆయన అక్క. పెట్టె గోతిలోకి దింపుతున్నప్పుడు కూడా ఆవిడ కంట్లో చుక్క రాలేదు. అలాంటి మనిషి ఒకరోజు ఫోన్ చేసి "మెదక్ పోయొద్దాం, వస్తావా" అంది. వాళ్ల ముత్తాత ఆ గుడి కడుతున్నప్పుడు రాళ్లు మోశాడని వాళ్లింట్లో చెప్పుకుంటారు.

శనివారం మధ్యాహ్నం సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఇద్దరికీ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్, నర్సాపూర్ అడవి మీదుగా హాయిగా వెళ్లిపోయాం. వదిన దారంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది, పలకరిస్తే ఊ అనడం తప్ప మాట లేదు.

ఇక లాడ్జి. ఫోన్‌లో రూము 1,200 అన్నాడు, 500 అడ్వాన్సు పంపించాను. తీరా వెళ్తే, రేపు ఆదివారం, చర్చి రష్ ఉంటుంది, 1,600 అంటాడు. సరే ఇద్దామనుకుంటే నా ఆధార్ చేతిలోకి తీసుకుని, దానిమీద మా ఆయన పేరు పైకి చదివి, "సార్ రాలేదా? జెంట్స్ ఎవరూ లేకుండా లేడీస్‌కి రూమివ్వం" అన్నాడు. అక్కడ ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందు "ఆయన లేరు బాబూ, చనిపోయారు" అని చెప్పుకోవాల్సి వచ్చింది. పది నెలల్లో ఆ ముక్క బయటి మనిషికి నా నోటితో చెప్పడం అదే మొదటిసారి. అతను తలెత్తి కూడా చూడలేదు, "అయితే ఇంకో మూడొందలు అవుతుంది" అన్నాడు. అడ్వాన్సు తిరిగివ్వమంటే ఇవ్వనన్నాడు. చీకటి పడుతోంది, వదినకి మోకాళ్ల నొప్పులు, 1,900 కట్టేశాను. గీజర్ పనిచేయదు, బకెట్ వేన్నీళ్లు 30 రూపాయలు. రాత్రంతా నిద్ర లేదు. కళ్లు మూసుకుంటే అతను ఆయన పేరు చదివిన గొంతే వినిపించింది.

పొద్దున ఆటోకి 60. చర్చి బయట రోడ్డు మీద బైబిల్ పట్టుకున్న ఒకాయన "సిస్టర్, ప్రైజ్ ద లార్డ్" అంటూ దగ్గరకొచ్చాడు. చర్చివాళ్లకీ అతనికీ ఏ సంబంధం లేదని తర్వాత తెలిసింది. ప్రార్థన చేస్తానంటే తల వంచాను. ఏమైంది, ఎన్నాళ్లు మంచంలో ఉన్నారు అని అన్నీ అడిగి, చివరికి "ఇంట్లో విశ్వాసంతో ప్రార్థించి ఉంటే బతికేవారు సిస్టర్" అన్నాడు. ప్రేమకానుక అని 500 అడిగితే ఇచ్చేశాను కూడా, నా చెయ్యి నా మాట వినలేదు. వదిన మాత్రం ఊరుకోలేదు. "ఆక్సిజన్ పెట్టుకుని కూడా కీర్తన పాడాడయ్యా మా తమ్ముడు, ఎవరి విశ్వాసం గురించి మాట్లాడుతున్నావ్" అని రోడ్డు మీదే నిలదీసింది. ఆ నోటు వెనక్కి లాక్కుంది. అలాంటివాళ్లు కనిపిస్తే ఆగకండి, నేరుగా లోపలికి నడవండి.

లోపల రెండొందల అడుగుల పొడవు, వందడుగుల వెడల్పు, అంత పెద్ద గుడిలోనూ మన చెప్పుల్లేని పాదం చప్పుడు మనకి వినిపిస్తుంది. కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని ఇంగ్లిష్ మిషనరీ పాస్నెట్ దొర పదేళ్లు కట్టించిన గుడి, 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠ చేశారు. ఆరాధన అయ్యాక రంగుటద్దాల కిటికీలు చూశాం. తూర్పున సిలువ, పడమట యేసు పుట్టుక, బలిపీఠం వెనక ఉత్తరాన ఆయన పరలోకానికి ఆరోహణం. వెలుగంతా బయటి ఎండదే, చీకటి పడ్డాక వెళ్తే లోపల్నుంచి ఏమీ కనిపించవు, అందుకే పగలే వెళ్లండి. పొద్దున సిలువ అద్దం మండిపోతుంటే పడమటి అద్దం మసగ్గా ఉంది.

మధ్యాహ్నం చెట్టు కింద కూర్చుంటే పక్కన కృతజ్ఞత కోసం వచ్చిన ఒక కుటుంబం పొయ్యి పెట్టుకుని వండుతున్నారు. అడక్కుండానే బగారా అన్నం, కోడికూర రెండు ప్లేట్లు తెచ్చిపెట్టింది వాళ్ల పెద్దావిడ. ఈ యాత్రలో రూపాయి ఖర్చు లేకుండా తిన్నదీ, కడుపు నిండిందీ అదొక్కటే. మాటల్లో నా సంగతి చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి నా దగ్గర కూర్చుంది. "నాకు ఆరేండ్లాయె బిడ్డా. ఇప్పటికీ ఏడుస్తనే ఉంట. లాజరును లేపుతనని తెల్సి గూడ యేసయ్య ఏడ్సిండు గద, మనల్ని ఏమంటడు?" అంది. అంతే, లేచి మళ్లీ అన్నం కలపడానికి వెళ్లిపోయింది.

చనిపోయిన లాజరును యేసు బతికించిన ఆ అధ్యాయం, యోహాను పదకొండు, నేను వందసార్లు చదివుంటాను. "యేసు కన్నీళ్లు విడిచెను" అన్నది లాజరు లేవకముందు మాట అని, లేపబోతున్న ఆయనే ఏడ్చాడని, నాకోసం ఎప్పుడూ చదువుకోలేదు.

మూడింటి బస్సుకి వెళ్దామనుకున్నాం కానీ వదిన మళ్లీ లోపలికి పోదామంది. ఈసారి సిలువ అద్దం చల్లబడింది, పడమటి అద్దంలో పశువుల తొట్టి వెలుగుతోంది. ఎర్రటి వెలుగు నేల పలకల మీదుగా జరిగి వదిన ఒళ్లోకొచ్చింది. ఆవిడ దాన్నే చూస్తూ "చిన్నప్పుడు వాడికి స్నానం నేనే పోసేదాన్ని" అంది, కొంగు నోట్లో కుక్కుకుని పెద్దగా ఏడ్చింది. నేను ఏడవొద్దని అనలేదు. నేనూ ఏడ్చాను, అక్కడ కుళాయి లేదు.

తిరుగు బస్సులో కండక్టర్ నా ఆధార్ చూశాడు, ఏమీ అడగలేదు, టికెట్ చించి ఇచ్చాడు.