నల్ల షేల్‌లో నికెల్ ఎవరు పెట్టినారు: సముద్రమా, వేడి ఊటా?

మా అక్క కొడుకు డిగ్రీలో జియాలజీ తీసుకున్నాడు, మొన్న కడపకి వచ్చి వాకిట్లో పరిచిన బండల మీద కూచోని "మామా, ఇవి కూడా నల్లగానే ఉన్నాయి కదా, వీటిలో కూడా నికెల్ ఉంటాదా" అన్నాడు. లేదురా నాయనా, మన కడప బండ సున్నపురాయి, నువ్వు చదివేది బ్లాక్ షేల్, అంటే నల్ల షేల్, అది సముద్రం అడుగు బురద గట్టిపడి రాయైంది, కుళ్ళకుండా మిగిలిపోయిన నాచు వల్ల దానికి ఆ నలుపు. వాడి నోట్స్‌లో ఉండేది చైనాలో గ్విజో రాష్ట్రంలోని జున్‌యీ పొర, 52 కోట్ల ఏళ్ళ నాటిది, మందం చూస్తే చాలాచోట్ల బెత్తెడు, కానీ మాలిబ్డినం (ఉక్కులో కలిపే లోహం) నికెల్ రెండూ శాతాల లెక్కలో, అంటే దండిగా ఉంటాయి, పైగా ఆ పొర తునకలు తునకలుగా వెయ్యి కిలోమీటర్లకి పైనే సాగుతాది. ఇంత లోహం యాడ్నుంచి వచ్చింది అనేదే కొట్లాట.

ఒక వర్గం సముద్రం నీళ్ళే చాలు అంటారు. టన్ను సముద్రపు నీళ్ళలో మాలిబ్డినం 10 మిల్లీగ్రాములే, వింటే నవ్వొస్తాది. కానీ మా ఇంట్లో బోరు నీళ్ళు కాచే గిన్నె చూడండి, నీళ్ళు అద్దం మాదిరి ఉంటాయి, ఆరు నెలలకి అడుగున తెల్లగా పెంకు కట్టింటాది, రోజూ రవ్వంత రవ్వంత చేరిందే కదా. సముద్రంలో ఆ పని చేసేది గంధకం. అడుగున ఆక్సిజన్ అయిపోతే బాక్టీరియా సల్ఫేట్‌ని తిని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాది, కుళ్ళిన గుడ్డు వాసన, మురుగు కాలవ పక్క ఇళ్ళలో వెండి పట్టీలు నల్లబడేది ఆ గ్యాస్ వల్లే. అక్కడ వెండిని పట్టుకున్నట్టే ఇక్కడ నీళ్ళలోని మాలిబ్డినాన్ని పట్టి బురదకి అంటిస్తాది. నల్ల సముద్రంలో 150, 200 మీటర్ల కిందికి పోతే ఇప్పటికీ ఇదే వంట జరుగుతా ఉంది. ఇంకోటి, పైనుంచి మట్టి తక్కువ పడాల, ఎక్కువ పడితే లోహం పలచబడిపోతాది.

రెండో వర్గం సముద్రం అడుగున పగుళ్ళలోంచి వేడినీళ్ళు లోహాలు మోసుకొచ్చి కుమ్మరించినాయి అంటారు. దీన్ని తీసిపారేయలేం. ఆ కాలానికి దగ్గర్లోనే చైనాలో త్యెన్‌ఝూ దగ్గర బెరైటీస్ అనే బరువైన ఖనిజం పెద్ద పొరలుగా ఉంది, మన మంగంపేట బెరైటీస్ చూసినోడికి ఆ మాట వినగానే అగ్నిపర్వతాలూ వేడినీళ్ళూ గుర్తొస్తాయి. అయితే వేడి ఊట అంటే ఊట దగ్గర గుట్ట పడాల, దూరం పోయేకొద్దీ తగ్గాల, అందులోనూ రాగి జింకు ముందుండాల, వెయ్యి కిలోమీటర్లు దోశ మాదిరి పల్చగా పరచడం దానికి చేతకాదు.

ఉల్క పడి వచ్చింది అన్నోళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి ఆస్మియం అనే లోహం ఐసోటోపులే, అంటే ఒకే మూలకంలో వేరే వేరే బరువుల పరమాణువులే, అడ్డం పడినాయి. ఆస్మియం 187కి 188కి నిష్పత్తి ఆ పొర ఏర్పడేటప్పుడు సుమారు 0.8, ఉల్కలదీ భూమి లోపలి మేంటిల్‌దీ 0.13 దగ్గర. ఖండాల మట్టి కడిగిన నీళ్ళు కలిసే సముద్రానికే 0.8 సరిపోతాది. ఊట నీళ్ళు పాత ఖండం రాళ్ళలోంచి వచ్చింటే అని రెండో వర్గం సర్దుకుంటాది, అట్ల అయితే ఏదైనా అనొచ్చు లేబ్బా.

నా ఓటు సముద్రానికే, కానీ ఒక ముల్లు గుచ్చుకుంటానే ఉంది. సముద్రంలో నికెల్ మాలిబ్డినంలో ఇరవయ్యో వంతు కూడా సరిగ్గా ఉండదు, రాయిలో చూస్తే రెండూ పోటీపడతాయి. నాచు నికెల్‌ని ఒంట్లో పెట్టుకోని చచ్చి మునిగింది అనుకుంటే కొంత తీరుతాది, మొత్తం తీరదు. అయినా కెనడా యూకాన్‌లో దాదాపు 39 కోట్ల ఏళ్ళ పొర అచ్చం ఇట్లాంటిదే, పల్చగా, దూరంగా పరుచుకోని ఉంది, వేరే ఖండం వేరే కాలం, రెండుచోట్లా ఊటలే ఇంత నున్నగా పరిచినాయంటే నాకు నమ్మబుద్ధి కాదు.

అట్లని అన్ని షేల్‌లకీ ఇదే జవాబు రాసి మార్కులు పోగొట్టుకోవద్దని వాడికి చెప్పినా. పోలండ్, జర్మనీల్లో కుప్ఫెర్‌షీఫర్ ఉంది, నల్ల షేలే, రాగి దండిగా ఉంది, కానీ అక్కడ కింద ఉండే ఎర్ర ఇసుకరాయిలోంచి ఉప్పునీళ్ళు తర్వాత ఎక్కి రాగిని దించినాయి, ఆ ఉప్పునీళ్ళు తగిలి రాయి ఎర్రబడిన మేర పొరల్ని అడ్డంగా కోస్తా పోతాది, పొరతోపాటే పుట్టింటే అట్ల కోయదు కదా.

"మరి తుమ్మలపల్లె యురేనియం?" అన్నాడు వెంటనే. అది షేలే కాదురా, వేంపల్లె డోలమైట్, సున్నపురాయి మాదిరి రాయి, యురేనియం అందులో ఫాస్ఫేట్‌తో కలిసి ఉంటాది, 188 కోట్ల ఏళ్ళకంటే పాతది, దాని కథ రేపు చెప్తా, ముందు చింతపండు తీస్కరా, ఈ గిన్నె పెంకు పోయేదాకా మీ అత్త కాఫీ పెట్టేట్టు లేదు.