నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో వెతకడం, మార్చడం: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులను ఓసీఆర్‌తో పాఠ్యంగా మార్చి, తప్పులు దిద్దే పనిలో ఎనిమిదేళ్లుగా ఉన్నాను. ఈ పనికి నేను రోజూ తెరిచేది డాన్ హో 2003లో విడుదల చేసిన ఉచిత ఎడిటర్ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్. అందులోనూ ఎక్కువ సమయం గడిపేది కంట్రోల్ హెచ్ నొక్కితే వచ్చే చిన్న పెట్టెలోనే.

ఆ పెట్టెలో వెతికే పద్ధతులు మూడు ఉన్నాయి. నార్మల్ పద్ధతి మనం టైపు చేసినదాన్ని ఉన్నదున్నట్టు వెతుకుతుంది. ఎక్స్‌టెండెడ్ పద్ధతి ట్యాబులను, పంక్తి మలుపులను కూడా పట్టుకుంటుంది. మూడోది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే ఫలానా మాటకు బదులు ఒక నమూనాను సూత్రంగా రాసి వెతకడం. దీనికోసమే నేను ఈ ఎడిటర్‌ను వదలలేదు. ఓసీఆర్ చాలాచోట్ల సున్నను అంకె సున్నాగా చదివి, ‘పండుగ’ను ‘ప0డుగ’ అని ఇస్తుంది. ప్రతి అక్షరానికీ ఒక సంకేతం కేటాయించే యూనికోడ్‌లో తెలుగు పరిధి 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు కాబట్టి, ఆ పరిధిలోని ఏదైనా ఒక అక్షరం, దాని వెంటనే అంకె సున్నా ఉన్న చోట్లను వెతికి, అక్షరాన్ని అలాగే ఉంచి అంకె స్థానంలో మాత్రమే సున్న పెట్టమని ఒకే సూత్రంలో చెప్పవచ్చు. చేత్తో దిద్దితే రోజంతా పట్టే పని క్షణాల్లో పూర్తవుతుంది. అయితే ఒక పాత పుస్తకం అట్టమీద ఎనిమిది అణాల వెల ‘రూ0-8-0’ అని ఉంటే, ఇదే సూత్రం దాన్ని ‘రూం-8-0’ చేసింది. అప్పటినుంచి వెలలు, తేదీలు ఉన్న పుటల్లో రీప్లేస్ ఆల్ నొక్కకుండా ఒక్కొక్కటే చూసి మారుస్తున్నాను.

అంతకంటే పెద్ద నష్టం నా అజాగ్రత్త వల్లే జరిగింది. ‘సం.’ అన్న సంక్షిప్త రూపాన్ని ‘సంవత్సరం’గా విప్పబోతూ, పెట్టెలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పద్ధతి ఎంపికై ఉన్న సంగతి గమనించలేదు. ఆ పద్ధతిలో చుక్క అంటే ఏ అక్షరమైనా కావచ్చు. ‘సంగతి’ కాస్తా ‘సంవత్సరంతి’ అయింది. ‘సంసారం’లో ‘స’ పోయి దీర్ఘం ఒక్కటే మిగిలి, తెరమీద చుక్కల వలయాన్ని పట్టుకుని వేలాడింది. ఫైలు తెరిచే ఉంది కాబట్టి కంట్రోల్ జెడ్ కాపాడింది. ఫైండ్ ఇన్ ఫైల్స్ ద్వారా ఫోల్డరు మొత్తానికి ఇదే పని చేసి ఉంటే మార్పు నేరుగా డిస్కుమీదికి ఎక్కేది; అందుకే ఆ ట్యాబు తెరిచే ముందు ఫోల్డరుకు నకలు తీయకుండా నేను ముందుకు కదలను. కౌంట్ మీట నొక్కి ఎన్ని చోట్ల ఉందో చూసుకోవడం కూడా అలవాటు చేసుకున్నాను. పది చోట్ల ఉండాల్సిన మాట వేయి చోట్ల దొరికితే సూత్రం తప్పిందని అక్కడే తెలిసిపోతుంది.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఈ ఎడిటర్ వెతికేది కంటికి కనిపించే అక్షరాన్ని కాదు, దాని వెనుక ఉన్న సంకేతాన్ని. ‘రామ’ అని వెతికితే ‘రాముడు’ కూడా దొరుకుతుంది, ఎందుకంటే కొమ్ము ‘మ’ తర్వాత వచ్చే వేరే సంకేతం. ‘రామ’ తర్వాత గుణింతపు గుర్తు ఉండకూడదన్న షరతు జోడిస్తేనే ఫలితం నమ్మదగినదవుతుంది. ‘బస్’ చివర, పక్క అక్షరంతో కలవకుండా ఆపే, కంటికి కనిపించని 200సి సంకేతం ఉన్న మాట, లేని మాట చూపుకు ఒకటే. మాట తర్వాత ఖాళీ కూడా కలిపి వెతికితే మొదటిది దొరకదు. ఐత్వమైతే మరీ చిక్కు: 0సి48 అన్న ఒకే సంకేతంగానూ ఉండవచ్చు, 0సి46, 0సి56 అన్న రెండింటి కలయికగానూ ఉండవచ్చు. ‘పైన’ అన్న మాట కళ్లముందే ఉన్నా దొరకడం లేదని ఒక సాయంత్రమంతా వెతికాక నాకు ఇది తెలిసింది. ఇప్పుడు ఏ ఫైలు చేతికొచ్చినా మొదట ఆ జంట సంకేతాన్ని 0సి48గా మార్చి, మాటల చివర మిగిలిన 200సిలను తీసేసి, ఆ తర్వాతే దిద్దడం మొదలుపెడుతున్నాను.