ఎనిమిదేళ్లుగా పాత ఎయిర్ సస్పెన్షన్ బస్సు నడుపుతున్నాను: బండి ఒరిగితే బెలోస్ కొనకముందు చూడాల్సినవి

ఈ బస్సును 2017లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికే దాని వయసు 9 ఏళ్లు. 12 మీటర్ల బండి, ఇంజన్ వెనక. ముందు 2, వెనక 4, మొత్తం 6 ఎయిర్ బెలోస్ ఉన్నాయి. బెలోస్ అంటే స్ప్రింగుల బదులు బండి బరువు మోసే, గాలి నింపిన రబ్బరు సంచులు. అంతకుముందు నేను నడిపినవన్నీ కమాన్ల (ఇనప పట్టీల స్ప్రింగుల) బళ్లే. విజయవాడ నుంచి తిరుపతి, శ్రీశైలం, పెళ్లి ట్రిప్పులు మా పని. పాత బండికి ఎయిర్ సస్పెన్షన్ ఉంటే కొనొచ్చా అని చాలామంది అడుగుతుంటారు. కొనొచ్చు. కాకపోతే గాలి ఎక్కడ పోతోందో వెతికే ఓపిక ఉండాలి. మొదటి ఏడాది నాకు ఆ ఓపిక లేక డబ్బు దండగ చేసుకున్నాను.

రాత్రి సమంగా నిలిపిన బస్సు తెల్లారేసరికి ఎడమవైపు కూర్చునేది. ముందు టైరుకీ బాడీకీ మధ్య నాలుగు వేళ్లు పట్టే చోట రెండు వేళ్లు కూడా దూరేవి కావు. చూసినవాళ్లంతా బెలోస్ పోయిందన్నారు. ముందువైపు ఎడమ బెలోస్ కొత్తది వేయించాను. మర్నాడు పొద్దున చూస్తే బండి మళ్లీ ఒరిగే ఉంది.

అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ బండి చుట్టూ తిరిగి చూసి, "అన్నా, ముందువైపు ఒరిగిందని నువ్వు అక్కడే వెతుకుతున్నావు. ముందు రెండు బెలోస్‌కి కలిపి వాల్వ్ ఒకటే. వెనక ఎడమకొకటి, కుడికొకటి. బండి పక్కకి వాలిందంటే వెనక చూడాలి" అన్నాడు. ఆయన చెప్పింది లెవెలింగ్ వాల్వ్ గురించి, బండి ఎత్తు ఒకేలా ఉండేలా బెలోస్‌లోకి గాలి ఎక్కించేది, వదిలేది అదే. ముందు బెలోస్‌లో గాలి పోతే రెండు వైపులా కలిసి దిగుతుంది. వెనక ఒక వైపు దిగితే బాడీ మొత్తం అటే వాలుతుంది, అది కళ్లకు ముందు చక్రం దగ్గర కనిపిస్తుంది. ఇలా ముందు ఒకటి, వెనక రెండు లెవెలింగ్ వాల్వులున్న బళ్లకి ఇదే లెక్క.

సబ్బు నీళ్లు కలిపి వెనక ఎడమ లెవెలింగ్ వాల్వ్ మీద బ్రష్‌తో పూశాడు. యూనియన్ల (పైపు జాయింట్ల) దగ్గర ఏమీ లేదు. గాలి బయటికి వదిలే రంధ్రం దగ్గర మాత్రం ఒక బుడగ నిదానంగా శనగగింజంత అయి పగిలింది. వెంటనే ఇంకోటి లేచింది. చప్పుడు లేదు. రాత్రంతా గాలి అక్కడి నుంచే పోతోందన్నమాట. వాల్వ్ లివర్‌ని చక్రాల యాక్సిల్‌కి కలిపే లింక్ రాడ్ ఊడదీసి, ఆ లివర్‌ని చేత్తో పైకి ఎత్తితే బెలోస్‌లోకి గాలి ఎక్కాలి, కిందికి దించితే వదలాలి, మధ్యలో ఉంచితే పూర్తిగా మౌనంగా ఉండాలి. మాది మధ్యలో కూడా వదులుతోంది. వాల్వ్ మార్చాక ఒరుగుడు పోయింది. ప్యాసింజర్లు దిగాక కాసేపు వాల్వులు గాలి వదలడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

కొత్త వాల్వ్ బిగించేటప్పుడు లింక్ రాడ్ పొడవు సరిచూడకపోవడంతో వెనక భాగం కాస్త ఎత్తుగా నిలిచింది. స్పీడు అందుకోగానే కింద నుంచి వణుకు మొదలైంది. ఎత్తు పెరిగితే, వెనక చక్రాలని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం మారుతుంది, వణుకు అందుకే. యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య సరైన ఎత్తుకి ఒక చెక్క ముక్క కోయించి డ్రైవర్ సీటు వెనక పెట్టుకున్నాను. ఇప్పుడు సమంగా ఉన్న నేల మీద ట్యాంకు నిండా గాలి ఉంచి, ప్రతి సోమవారం మా క్లీనర్ దానితో కొలుస్తాడు.

అసలు నష్టం ఆలస్యంగా బయటపడింది. నెలల తరబడి ఆ లీకుకి గాలి నింపుతూనే ఉన్న కంప్రెసర్ రింగులు అరిగాయి. దాని ఆయిల్, గాలిలో తేమ తీసే ఎయిర్ డ్రయ్యర్‌లోకి చేరి అందులోని కాట్రిడ్జ్ పాడైంది. ట్యాంకు డ్రెయిన్ లాగితే చిక్కటి టీ రంగు నీళ్లు వచ్చాయి. బ్రేకులు పనిచేసేదీ ఆ కంప్రెసర్ గాలితోనే. ఒకసారి దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్‌లో వరసగా బ్రేకులు వాడుతుంటే గాలి ప్రెషర్ ముల్లు పడిపోతూ వచ్చి బజర్ మోగింది. 40 మంది ఉన్న బండి. పక్కకి ఆపి, గాలి నిండేదాకా కదల్లేదు. తిరిగొచ్చాక కంప్రెసర్ విప్పించాం. ఇప్పుడు ప్రతి వారం ట్యాంకులు డ్రెయిన్ చేస్తాం, కాట్రిడ్జ్ వానాకాలానికి ముందే మారుస్తాం.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. బెలోస్‌లో గాలి ఉందని నమ్మి ఎవరూ బస్సు కిందకి దూరకండి. గాలి పోతే బండి ఒక్కసారిగా దిగుతుంది, మనిషికి తప్పుకునే సందు ఉండదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టకుండా మా దగ్గర ఎవరినీ కిందికి పంపను, ఎంత తొందర పనైనా సరే.

బెలోస్ విషయానికొస్తే, పగుళ్లు ఎక్కువగా బయటి గోడ మీద కాదు, రబ్బరు కిందికి మడత పడే చోట మొదలవుతాయి. బండి ఎత్తితే ఆ మడత విచ్చుకుంటుంది, టార్చి వేసి చూడాలి. అక్కడ ఇరుక్కున్న గులకరాళ్లు రబ్బరుని కోస్తాయి, నీళ్లతో కడిగేయాలి. వాటర్ సర్వీసింగ్ చేశాక కింద డీజిల్ కొట్టే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇనుముకి మంచిదేమో గానీ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. మా బండికి అది మాన్పించాను.

ఇంత ఖర్చూ పెట్టాక కూడా మళ్లీ కమాన్ల బండికి వెళ్లాలనిపించలేదు. తిరుపతి నుంచి రాత్రి తిరిగి వచ్చేటప్పుడు చివరి సీట్లో ముసలివాళ్లు కూడా హాయిగా నిద్రపోతారు. కమాన్ల బండిలో ఆ సీటు ఇస్తానంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. వెనక కుడివైపు 2 బెలోస్‌లో సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. ఈ సంక్రాంతి సీజన్‌కి ముందే అవి మార్పిస్తున్నాను.